రెండేళ్ళ వీసా, పాతికేళ్ళ అప్పు

(రేడియో ప్రసంగ పాఠం)

ఈసారి ఇంటి అప్పుల చరిత్ర గురించి మాట్లాడమన్నారు. నేను ఆర్థికవేత్తని కాదు. దుబాయిలో కంప్యూటర్ ప్రాజెక్టుల మీద పనిచేసేవాణ్ణి. కాబట్టి ఇది బ్యాంకు సలహా అనుకోకండి. కానీ ఇక్కడ నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే పులిహోర గిన్నె ఖాళీ అయ్యేలోపే వచ్చే ప్రశ్న ఒకటుంది: "లోన్ క్లోజ్ చేసేశారా, ఇంకా నడుస్తోందా?" అమెరికాలో ఉన్న మా బావకి ఈ ప్రశ్న వింటే నవ్వు. వాళ్ళ వీధిలో ముప్ఫై ఏళ్ళ అప్పుని తాపీగా కట్టుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువట. మరి మనకెందుకు ఇంత తొందర? కారణం సగం వడ్డీ లెక్కల్లో ఉంది, సగం చరిత్రలో ఉంది. చరిత్ర నుంచే మొదలుపెడతాను.

మా తాతగారి తరంలో తనఖా అంటే నెల వాయిదాలు కావు. పొలం కాగితాలు షావుకారు దగ్గర పెట్టి డబ్బు తెచ్చుకోవటం. స్వాధీన తనఖా అయితే కాగితాలతో పాటు పొలమూ ఆయన చేతికి వెళ్ళేది. పంట ఆయన తినేవాడు, అసలు మాత్రం అలాగే ఉండేది. వడ్డీ అసలుని మించకూడదని మన పాత ధర్మశాస్త్రాల్లో ఒక నియమం ఉంది, దామ్‌దుపత్ అంటారు. కాగితం మీద ఉన్న నియమం వేరు, కళ్ళంలో కొలిచే ధాన్యం వేరు. చివరికి 1938లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టం తెచ్చింది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా ఆ చట్టం కొట్టేసింది. అసలుకి రెట్టింపు అప్పటికే కట్టిన రైతుకి అప్పు తీరిపోయినట్టే లెక్క. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, అప్పుంటే నిద్ర పట్టని గుణం మన ఇళ్ళలో ఊరికే రాలేదు.

ఆ గుణమే గల్ఫ్‌కి కూడా మనతో వచ్చింది. 1970ల్లో చమురు ధరలు పెరిగాక కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మగవాళ్ళు దుబాయికి, కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు కువైట్‌కి రావటం పెరుగుతూ వచ్చింది. ఏజెంటుకి కట్టే డబ్బు చాలామందికి రెండు రూపాయల వడ్డీకో, మూడు రూపాయల వడ్డీకో తెచ్చిందే. అంటే నూటికి నెలకి అంత, ఏడాదికి 24 నుంచి 36 శాతం. మొదట పంపిన డ్రాఫ్టులన్నీ ఆ అప్పుకే పోయేవి. అది తీరాకే ఇంటికి స్లాబు, చెల్లెలి పెళ్ళి. వాళ్ళెవరూ ఇక్కడ ఇల్లు కొనాలని అనుకోలేదు. అనుకున్నా కుదిరేది కాదు.

దుబాయిలో విదేశీయులు ఇల్లు సొంతంగా కొనుక్కోవచ్చన్న ప్రకటన 2002లో వచ్చింది. పక్కా చట్టం అంతకన్నా ఆలస్యం. భూమి రిజిస్ట్రేషన్ చట్టం 2006 నాటిది. ఈ మధ్యలో ఇళ్ళు అమ్ముడుపోయాయి, అప్పులు పుట్టాయి, ధరలు ఆకాశానికి వెళ్ళాయి. 2000లో మొదలైన అమ్లాక్, ఆ తర్వాత వచ్చిన తమ్‌వీల్ అప్పట్లో ఇంటి అప్పులకి పెద్ద పేర్లు. అంటే ఈ దేశంలో మనలాంటివాళ్ళకి ఇంటి అప్పు అన్నది పాతికేళ్ళ నాటి మాటే.

ఇక్కడ అసలు చిక్కు చెప్పాలి. ఈ దీర్ఘకాలపు సమాన వాయిదాల అప్పు ఎక్కడ పుట్టిందో చూడండి. 1930లకి ముందు అమెరికాలో ఇంటి అప్పు ఎక్కువగా కొద్ది ఏళ్ళ గడువుదే. గడువు దాకా వడ్డీ కట్టి, ఆ రోజు అసలంతా ఇవ్వాలి, లేదా మళ్ళీ రాయించుకోవాలి. మహా మాంద్యంలో అది కుదరక లక్షల ఇళ్ళు వేలానికొచ్చాయి. 1933లో ప్రభుత్వ సంస్థ ఒకటి ఆ అప్పుల్ని తీసుకుని 15 ఏళ్ళ వాయిదాలుగా మార్చింది. 1934లో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ వచ్చి గడువుని ఇంకా పొడిగించింది. మన దేశంలో 1977లో పుట్టిన హెచ్.డి.ఎఫ్.సి. మధ్యతరగతికి ఇలాంటి అప్పునే అలవాటు చేసింది. ఈ ఏర్పాటు అంతా ఒక నమ్మకం మీద నిలబడింది: అప్పు తీసుకున్న మనిషి ఆ దేశంలోనే ఉంటాడు, ఒక ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాడు. గల్ఫ్‌లో ఆ నమ్మకం లేదు. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, రెండు మూడేళ్ళకోసారి కొత్తది వేయించుకోవాలి. ఉద్యోగం పోయి వీసా రద్దయితే అప్పట్లో ముప్ఫై రోజులే గడువు. అప్పు మాత్రం పాతికేళ్ళు.

2008లో ఆ తేడా బయటపడింది. నవంబరులో అమ్లాక్, తమ్‌వీల్ రెండూ కొత్త అప్పులు ఆపేశాయి. ఏడాది తిరిగేసరికి, 2009 నవంబరు 25న, దుబాయి వరల్డ్ తన అప్పులకి వాయిదా అడిగింది. ఇళ్ళ ధరలు సగానికి పడిపోయాయి. విమానాశ్రయం దగ్గర కార్లు వదిలేసి వెళ్ళిపోయారన్న వార్తలు మీకు గుర్తుండే ఉంటాయి. కార్లు వదిలారని నవ్వుకున్నాం గానీ, ఎందుకు వదిలారో తక్కువగా మాట్లాడుకున్నాం. అప్పుకి హామీగా బ్యాంకులు చెక్కులు తీసుకునేవి. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే అది నేరం, జైలు. ఆ చట్టం మారి, మామూలుగా డబ్బు చాలక తిరిగొచ్చిన చెక్కు నేరం కాకుండా పోయింది 2022 జనవరి 2 నుంచి. అంతవరకూ ఇక్కడ అప్పు ముందుగా తీర్చటం పొదుపు కోసం మాత్రమే కాదు, భయం తీరటం కోసం.

సెంట్రల్ బ్యాంకు 2013లో ఇంటి అప్పులకి హద్దులు పెట్టింది. విదేశీయులకి మొదటి ఇంటి విలువ 50 లక్షల దిర్హాముల లోపు ఉంటే అందులో 75 శాతం వరకే అప్పు (2020లో దీన్ని 80 చేశారు). గడువు 25 ఏళ్ళకి మించకూడదు. వాయిదాలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. కొందరికి ఇవి అడ్డంకిగా అనిపించాయి. నాకు మాత్రం 2008 నాటి కుటుంబాలకి ఈ నియమాలు ముందే ఉంటే బాగుండేదనిపిస్తుంది. ముందుగా మొత్తం తీర్చేస్తే బ్యాంకు తీసుకునే రుసుం మిగిలిన అప్పులో 1 శాతం లేదా 10,000 దిర్హాములు, ఏది తక్కువైతే అది. మన దేశంలో అయితే మారే వడ్డీ మీద ఉన్న ఇంటి అప్పులకి బ్యాంకులు ఈ రుసుం తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది.

ఇప్పుడు వడ్డీ. దిర్హాముకీ డాలరుకీ ముడి ఉంది, 1997 నుంచీ డాలరుకి 3.6725. (అంతకు ముందు తరంలో ఇక్కడ నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి అచ్చువేసింది, 1966లో రూపాయి విలువ తగ్గించాక ఇక్కడివాళ్ళు దాన్ని వదిలేశారు. దిర్హాము వచ్చింది 1973లో.) ఆ ముడి వల్ల వాషింగ్టన్‌లో వడ్డీ పెరిగితే ఇక్కడా పెరుగుతుంది. 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న అమెరికా రేటు 2023 జులైకి 5.25 దాటింది.

పది లక్షల దిర్హాముల అప్పు, పాతికేళ్ళ గడువు అనుకోండి. 3 శాతం వడ్డీకి నెల వాయిదా సుమారు 4,740. అదే 6 శాతానికి 6,440. మొదటి నెల వాయిదాలో 5,000 వడ్డీకే పోతుంది, అసలుకి చేరేది 1,440. నెలకి ఇంకో వెయ్యి ఎక్కువ కడితే 3 శాతం దగ్గర మొత్తం వడ్డీలో లక్షా ఎనిమిది వేలు మిగులుతుంది. 6 శాతం దగ్గర రెండు లక్షల డెబ్భై వేలు. రెండు చోట్లా ఆరేళ్ళ దాకా గడువు తగ్గుతుంది. ఈ లెక్క చూసిన ఏ ఇంజినీరూ ఊరుకోలేడు. నేనూ ఊరుకోలేదు.

మేము 2019లో కొన్నాం. మూడేళ్ళు స్థిరంగా ఉన్న వడ్డీ 2022లో మారింది. ఒక రాత్రి ఎక్సెల్ షీటు తెరిచి కూర్చున్నాను. కుటుంబాన్ని విజయవాడ పంపి, ఫ్లాటు అద్దెకిచ్చి, నేను కరామాలో ఒక మిత్రుడితో గది పంచుకుంటే ఎంత మిగులుతుందో వేశాను. 2008 తర్వాత మనవాళ్ళు ఎంతోమంది చేసిన పనే ఇది. వాళ్ళకి ఉద్యోగం పోయి చేశారు, నేను ఉద్యోగం ఉండగానే చేశాను. మా ఆవిడ ఆ షీటు చూసి, "మీ ఇష్టమండీ, కానీ ఇందులో బాబు ఏ వరసలో ఉన్నాడు?" అని అడిగింది. స్కూలు ఫీజు వరస చూపించాను.

పద్దెనిమిది నెలలు. శనివారాలు కూడా ఇంకో ప్రాజెక్టు పని. సాయంత్రం బోటిమ్‌లో వీడియో కాల్, అక్కడ పిల్లవాడికి నిద్ర వేళ. అప్పు గడువు ఏడేళ్ళు తగ్గింది, అది నిజం. 2024 ఏప్రిల్‌లో స్కూళ్ళు తెరిచే వేళకి వాళ్ళు తిరిగొచ్చారు. మొదటి వారం రోజులూ బాబు మంచినీళ్ళు తాగాలన్నా నన్ను అడిగి తాగాడు, చుట్టాల ఇంట్లో అడిగినట్టు.

అప్పు ముందుగా తీర్చటం తప్పని నేను అనను. పింఛను లేని దేశం ఇది. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ, మొదటి అయిదేళ్ళకీ ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది, అంతే. ఇల్లు సొంతమైతే ధైర్యం. 2022 అక్టోబరు నుంచి 20 లక్షల దిర్హాముల ఇల్లున్నవాళ్ళు పదేళ్ళ వీసాకి దరఖాస్తు చేసుకోవచ్చు కూడా. కానీ నేను షీటులో వెయ్యనిది ఇంకొకటుంది. బ్యాంకుకి ముందుగా కట్టిన డబ్బు మళ్ళీ అవసరానికి చేతికి రాదు. 2009లో చిక్కుకున్నవాళ్ళలో పొదుపంతా ఇంట్లోనే పోసినవాళ్ళున్నారు. ఇల్లు అమ్ముడుపోదు, చేతిలో నెల వాయిదాకి లేదు. అందుకే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాకే అదనపు వాయిదా అని ఇప్పుడు మా ఇంట్లో నియమం.

హైదరాబాదులో కూడా అప్పున్నవాళ్ళు ఏది ముందు తీర్చాలని అడుగుతుంటారు. అక్కడ వడ్డీ శాతం ఎక్కువగా కనిపిస్తుంది. కానీ 2008 మొదట్లో దిర్హాముకి పదకొండు రూపాయలు కూడా రాలేదు, 2023కి 22 దాటింది. రూపాయల వాయిదా మన జీతంలో తేలికవుతూ వచ్చింది. దిర్హాముల వాయిదాకి ఆ సాయం లేదు. నాకైతే ఇక్కడిదే ముందు అనిపిస్తుంది. రేపు రూపాయి బలపడితే నన్ను తిట్టుకోకండి.

మా అప్పు ఇంకా తొమ్మిదేళ్ళుంది. లెక్కల పుస్తకం ఇప్పుడు మా ఆవిడ దగ్గరుంది. ఏటా ఏప్రిల్‌లో స్కూలు ఫీజు కట్టాక మిగిలింది చూసి, బ్యాంకుకి ఎంతో ఆవిడే చెబుతుంది. కిందటిసారి ఏమీ కట్టలేదు. ఆ పద్దెనిమిది నెలలూ వీళ్ళని చూసుకున్న మామయ్యగారికి మోకాలి ఆపరేషను, ఆ డబ్బు విజయవాడ వెళ్ళింది. ఆయన ఇప్పుడు కర్ర లేకుండా బెంజ్ సర్కిల్ దాకా నడిచొస్తున్నారట.