మందలో పుట్టిన రంగు

పని ముందుకు సాగనప్పుడు "ఎక్కడ వేసిన గొంగడి అక్కడే" అంటాం. ఈ సామెత పుట్టించినవాడు ఎవడో గానీ గొర్రెల కాపరి మాత్రం అయి ఉండడు. కురుమ భుజం మీది గొంగడి ఒక్కచోట ఉంటేగా! పొద్దున మంద వెనక అడవికి పోతుంది. వానొస్తే నెత్తిన కొప్పెర అవుతుంది, ఎండ ముదిరితే చెట్టుకింద పరుపవుతుంది. దారిలో ఈనిన గొర్రెపిల్లను మోసుకొచ్చే జోలె కూడా అదే. రాత్రి మంద కాడ పడుకున్న కాపరి కింద సగం, మీద సగం.

కోస్తావాళ్లు గొంగళి అంటారు, కంబళి అంటారు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మాత్రం అది గొంగడే. ఇప్పుడు జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ అంటూ 2016 అక్టోబరులో విడిపోయిన జిల్లాలన్నీ కలిపి చూస్తే, గోదావరికి అటూ ఇటూ పరుచుకున్న ఈ నేల మీద చలి కూడా గట్టిదే. ఆదిలాబాద్ అడవి ఊళ్లలో పుష్యమాసం రాత్రుళ్లు ఐదు డిగ్రీల కిందికి దిగిన రోజులున్నాయి. అంత చలిలో ఆరుబయట మంద కాసే మనిషిని కాపాడిన బట్ట ఎలా పుట్టిందో, దానికి ఆ నలుపు ఎక్కడిదో చెప్పుకోవాల్సిన కథ.

గొర్రెల కాపరులంతా ఒకటే అనుకుంటారు పట్నంవాళ్లు. కాదు. గొల్లలు మేపేది ప్రధానంగా బొచ్చు లేని గొర్రెను, మాంసం కోసం. కురుమల గొర్రె దక్కనీ. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణల మీదుగా పరుచుకున్న మెట్టభూముల గొర్రె ఇది. ఎక్కువగా నలుపు, ముతక ఉన్ని. మొదట గొర్రెలు పుట్టలోంచి బయటికి వచ్చాయని, పద్మన్న అనే పూర్వీకుడికి దొరికాయని కురుమల కథ. ఒగ్గు పూజారులు బీరప్ప కథ, మల్లన్న కథ చెప్పేటప్పుడు ఈ మందల ముచ్చట రాకుండా పోదు. వేములవాడ పక్క హన్మాజీపేట నుంచి వచ్చిన మిద్దె రాములు ఈ ఒగ్గు కథనే తెలుగు రాష్ట్రమంతా వినిపించాడు.

కురుమల్లో ఒక పాత విభజన ఉంది. పెళ్లిలో పత్తి నూలుతో కంకణం కట్టేవాళ్లు ఒక శాఖ, ఉన్ని దారంతో కట్టేవాళ్లు మరో శాఖ. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణాది కులాల గ్రంథంలో కూడా ఈ పత్తి కంకణం, ఉన్ని కంకణం మాటలు కనిపిస్తాయి. మణికట్టుకు చుట్టిన దారం ఏ పోగుదన్న దాన్నిబట్టి ఇంటి గుర్తు చెప్పుకునే జనం లోకంలో ఎంతమంది ఉంటారు?

ఇక రంగు సంగతి.

నూలు నేసే ఊళ్లలో రంగు కాగులో పుడుతుంది. సిరిసిల్లలోనో మరో నేత ఊళ్లోనో అద్దకం తెలిసిన ఇంటి ముందు పొయ్యి మీద కాగు, కర్రకు వేలాడే నూలు చిలపలు, మోచేతుల దాకా రంగు పట్టిన మనుషులు. పత్తి మొండిది, ఊరికే రంగు పట్టదు. ముందు కరక్కాయ నీళ్లలో నానాలి, పటిక పడాలి, అప్పుడు గానీ ఎరుపు నిలవదు. ఆ కరక్కాయ ఈ ఆదిలాబాద్ అడవుల్లోనే రాలుతుంది. హోళీకి గోండు గూడేల్లో మోదుగు పూలు ఉడికించి తీసే నారింజ పసుపు కూడా ఈ అడవి రంగే. టేకు లేతాకు వేళ్ల మధ్య నలిపితే రక్తం అంటినట్టు ఎర్రబడుతుంది, పశువులు కాసే ప్రతి పిల్లవాడూ చేసిన ప్రయోగమే. ఇంత రంగుల అడవి పక్కనుండి కూడా గొంగడి నేసే ఇంట్లో కాగు లేదు.

ఎందుకంటే అక్కడ రంగు మందలోనే పుడుతుంది. కురుమ చేసే అద్దకం అంతా పొట్టేలును ఎంచుకోవడంలోనే ఉంది. నల్ల గొంగడికి గిరాకీ ఉంటే నల్ల పొట్టేలును మందలో ఉంచుతారు, మిగతావాటిని అమ్మేస్తారు. ఓ నాలుగు తెల్లవి, ఓ రెండు ఎర్రగోధుమవి మాత్రం ఉండనిస్తారు, అంచు గీతలకు కావాలి కదా. నూలు అద్దేవాడు పొద్దున కాగులో వేసి సాయంత్రానికి రంగు చూసుకుంటాడు. కాపరికి తను కోరిన రంగు కనబడాలంటే గొర్రెల తరాలు గడవాలి. ఈ లెక్క కాగితం మీద ఎక్కడా లేదు, పొట్టేలును ఎంచే ఆ కంటిలోనే ఉంది. దీన్ని అద్దకం విద్య అనకపోవడం మన చదువుల లోపమే తప్ప కురుమల లోపం కాదు.

నల్ల ఉన్నికి ఇంకో గుణం. దాని మీద మరో రంగు ఎక్కదు. ఎండకు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. అందుకే పాత గొంగడిని వెలుగులో పట్టి చూస్తే ఒక్క నలుపు కాదు, కాటుక నుంచి తేనె దాకా ఎన్నో ఛాయలు కనబడతాయి.

ఉన్ని కత్తిరింపు ఏడాదికి రెండుసార్లు. ముందు మందను వాగులోనో చెరువులోనో దింపి కడుగుతారు, ఆరనిస్తారు, కాళ్లు కట్టి పడుకోబెట్టి పెద్ద కత్తెరతో బొచ్చు తీస్తారు. మొదటిసారి కత్తిరించిన పిల్ల ఉన్ని మెత్తన. ముదురు గొర్రెది గరుకు. ఒక్కో గొర్రెకు ఏడాదంతా కలిపినా కిలో రావడం కష్టం. ఒక్క గొర్రెతో గొంగడి కాదు, మంద కావాలి.

ఇక్కడి నుంచి పని ఆడవాళ్లది. ముఖ్యంగా ఆ ఇంటి ఆడపిల్లది.

కురుమ ఇంట్లో లంగా ఓణీ వేసే వయసుకు ముందే పిల్లకు రాట్నం అలవాటయ్యేది. మొదటి పాఠం వడకడం కాదు, ఏరడం. కుప్ప ముందు కూచుని పల్లేరు కాయలు, ముళ్లు, ఎండిన పెంట తీసేయాలి. తర్వాత రంగుల వారీగా వేరుచేయాలి. నలుపు ఓ కుప్ప, తెలుపు ఓ కుప్ప, అటూ ఇటూ కానివి మరో కుప్ప. ఈ మూడో కుప్పను చూసే చురుకైన పిల్లకు రంగులు కలపడం తోస్తుంది. నల్ల ఉన్నిలో గుప్పెడు తెల్లది కలిపి ఏకితే బూడిద రంగు పోగు వస్తుంది. ఇంకో గుప్పెడు కలిపితే పావురం రంగు. కాగు లేకుండా, నీళ్లు లేకుండా, వేళ్లతోనే కొత్త రంగు! పట్నాల్లో ఊలు అల్లే అమ్మాయిలు దుకాణంలో ఉండలు ఏరుకుంటూ పొందే సంబరం ఈ పిల్లకు గొర్రెల కుప్ప ముందే దొరికేది.

వింటి తాడుతో కొట్టి ఏకిన ఉన్ని మబ్బుతునకలా పొంగుతుంది. దాన్ని వేలంత ఏకులుగా చుట్టి రాట్నానికి అందించాలి. ఇక్కడే ఒడుపు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి పోగు జారుతుండాలి. బిగబడితే తెగుతుంది, వదిలేస్తే ఉండ కడుతుంది. పురి తక్కువైతే పడుగుకు పనికిరాదు, ఎక్కువైతే మెలికలు పడుతుంది. ఉన్నిలోని జిడ్డు వేళ్లకు పట్టి చర్మం మెత్తబడుతుంది, గొర్రె వాసన మాత్రం రెండు రోజులైనా పోదు. తెగిన చోట కొసలు విప్పి, ఒకదానిలో ఒకటి కలిపి, కాస్త ఉమ్ము తడిపి నలిపితే అతుకు కనబడకుండా పోతుంది.

నేసేది మగవాడు, పేరు అతనిది. వడికేది ఆడవాళ్లు, లెక్కలో ఇంటిపని. నిజానికి గొంగడికి పట్టే సమయంలో పెద్ద వాటా దారానిదే. ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే ఒక్కరి రాట్నం చాలదు. తల్లి, కూతురు, అత్త అందరూ కూచోవాలి. చేతివడుకు ఉన్న ప్రతిచోటా ఇదే కథ. పడుగుకు వాడలో మేకులు పాతి దారం సాగదీస్తారు. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, నూరి కాచిన గంజిని కుంచెతో పట్టిస్తారు. ముతక ఉన్ని పోగుకు ఈ గంజి పడితేనే బిగువు, కొత్త గొంగడి రేకులా నిలబడేది అందుకే. వాన నీళ్లు జారిపోవడానికి కూడా ఆ బిగువే సాయం. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి అనిపించదు, పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. గుంట మగ్గం మీద నేసేవాడికి ఈ శాస్త్రం తెలియాల్సిన పని లేదు. వానలో నిలబడినవాడికి తెలుసు.

సూదులతో స్వెటర్ అల్లే పని మాత్రం ఈ నేలది కాదు. తెలుగువాళ్ల చేతి అల్లిక అనగానే గుర్తొచ్చే నర్సాపురం లేసు గోదావరి డెల్టాలో 19వ శతాబ్దపు మిషనరీల వెంట వచ్చింది, అదీ నూలు దారంతో, కొక్కెం సూదితో. ఆ లేసు అల్లే ఆడవాళ్ల శ్రమ మీద మరియా మీస్ 1982లో పుస్తకమే రాసింది. ఉన్ని వడికిన కురుమ ఆడవాళ్లకు అలాంటి పుస్తకం దక్కలేదు.

గొంగడికి పేరు మరో దారిన వచ్చింది. గద్దర్ భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు వేసుకుని వేదికెక్కిన రోజుల్లో కాపరి బట్ట కాస్తా తిరగబడ్డ పల్లెకు గుర్తయింది. దాంతో పార్టీలన్నీ నేర్చుకున్నాయి. కురుమల సభకు ఏ నాయకుడొచ్చినా భుజాన గొంగడి కప్పి, చేతికి గొర్రెపిల్లను ఇచ్చి ఫొటో తీయడం ఆనవాయితీ. ఆ గొర్రెపిల్ల చాలాసార్లు దక్కనీది కాదని పట్టించుకునేవాడు ఉండడు. ఇంటిపేర్లలో కూడా గొంగడి ఉంది. 2025 అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో సెంచరీ కొట్టి, ఆ టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయిన భద్రాచలం అమ్మాయి పేరు గొంగడి త్రిష.

మరి గొంగడి ఎందుకు తగ్గింది? ముందు నీళ్ల దగ్గర వెతకాలి. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. తర్వాత కాకతీయ కాలువ కరీంనగర్ నేలను తడిపింది, బోరుబావులు వచ్చాయి, 2019లో కాళేశ్వరం మొదలైంది. నీళ్లు రావడం మంచిదే, కాదనే మనిషి ఉండడు. కానీ రెండు పంటల వరి పండే చోట పడావు ఉండదు, పడావు లేని చోట మంద నిలవదు. ఒకప్పుడు కోత అయ్యాక రైతే పిలిచి పొలంలో మంద పెట్టించుకునేవాడు. రాత్రంతా గొర్రెలు వేసిన ఎరువుకు ధాన్యం కొలిచేవాడు. యూరియా బస్తా వచ్చాక ఆ పిలుపు తగ్గింది. మెట్టలో తిరిగే దక్కనీ గొర్రెకు తడి నేల పడదు కూడా.

రెండోది సంత. పానిపట్‌లో పాత విదేశీ స్వెటర్లను చించి మళ్లీ దారం చేసి నేసే కంబళ్లు చవకగా వచ్చి పడ్డాయి, వాటి వెనక పాలిస్టర్ దుప్పట్లు. ఉన్నికి ధర లేకపోయింది. కత్తిరింపు కూలి ఉన్ని ధరను మించిపోయాక చాలామంది బొచ్చు తీసి అక్కడే పారేస్తున్నారు.

మూడోది సర్కారు చేసిన మేలు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, లక్షా పాతిక వేల యూనిట్, అందులో 75 శాతం సబ్సిడీ. కాపరుల ఇళ్లకు డబ్బు వచ్చింది, అది నిజం. 2019 పశుగణనలో కోటీ 91 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానానికి వెళ్లింది. పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో దిగినవాటిలో ఎక్కువ భాగం పొడవు కాళ్ల నెల్లూరు రకం. వాటికీ రంగును బట్టే పేర్లు: తెల్లది పల్ల, ఎర్రది దొర, తెలుపు మీద నల్ల మచ్చలుంటే జోడిపి. మాంసం బాగా పడుతుంది. ఒంటి మీద మాత్రం వడకడానికి గుప్పెడు ఉన్ని లేదు. మునుపెన్నడూ లేనన్ని గొర్రెలున్న రాష్ట్రంలో గొంగడికి ఉన్ని దొరకని చోద్యం ఇది.

కాగు ఉన్న ఊరి కథా ఏమంత నిబ్బరంగా లేదు. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిమందును అంగట్లోకి తెచ్చాక దేశమంతటా చెట్టు రంగులు వెనక్కి తగ్గాయి. సిరిసిల్ల మరమగ్గాల మీద ఇప్పుడు ఆడేది ఎక్కువగా పాలిస్టర్. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరల ఆర్డర్ ఆ మగ్గాలను నడిపించింది, ఆర్డర్ తగ్గితే ఊరంతా నిశ్శబ్దం.

ఉత్సాహం చచ్చిపోలేదు. డిజైన్ చదివిన కొందరు యువకులు ఎర్తెన్ ట్యూన్స్ పేరుతో గొంగడి బట్టతో బూట్లు కుడుతున్నారు. ముతకగా ఉండటమే ఇక్కడ గుణమైంది: కాలికి గాలి ఆడుతుంది, చెమట పీల్చుకుంటుంది. సహజ రంగులు అద్దే కుర్రకారుకు తెల్ల దక్కనీ ఉన్ని మంచి సరుకు. పత్తిలా మొండికేయదు, మోదుగును, పసుపును, లక్కను ఇట్టే పట్టుకుంటుంది. నల్లదాని పక్కన పెట్టి నేస్తే ఆ నారింజ గీత మండినట్టు కనబడుతుంది. కాకపోతే రాట్నం ముందు కూచోగల చేతులు చాలావరకు అరవై దాటినవి. మనుమరాళ్లు కరీంనగర్ కాలేజీల్లో ఉన్నారు, వాళ్లను వెనక్కి రమ్మనే హక్కు ఎవరికీ లేదు.

ఉన్ని కంకణం ఇళ్లలో పెళ్లి కుదిరినప్పుడు మాత్రం ఒక చిన్న చిక్కు. కంకణానికి కావలసింది జానెడు ఉన్ని దారమే. దొడ్డినిండా జోడిపి గొర్రెలున్నా ఆ జానెడు దారం రాదు. నాలుగు నల్ల గొర్రెలు ఇంకా మేపుతున్న ఇల్లు ఏ ఊళ్లో ఉందో పెళ్లివారు వాకబు చేయాల్సిందే.