మెమొరీ ఎంత దూరం?

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కోతకు కూర్చున్న మనిషికి రాయి చేతికందేలా ఉంటే పని సాగుతుంది. గోడౌన్ నుంచి తేవాలంటే ఆగుతుంది. గనికి పోవాలంటే ఆ పూట గడిచినట్టే. ఎంతమందిని పెట్టినా రాయి రానిదే పని లేదు. అనేక ప్రాసెసర్ల కంప్యూటర్‌కు వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే.

అలాంటి కంప్యూటర్ల చరిత్రలో మనవారొకరున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1969లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మనిషి మాటను యంత్రానికి అర్థం చేయించాలన్నది ఆయన పట్టు. 1970ల నాటి ప్రాసెసర్ ఒక్కటి ఆ పనికి చాలదు. ఆయన బృందం కట్టిన హియర్‌సే-2లో ధ్వనులు పట్టేది ఒక ప్రోగ్రాం, పదాలు ఊహించేది ఒకటి, వాక్యం కుదిరిందో లేదో చూసేది మరొకటి. అన్నీ నల్లబల్ల లాంటి ఒకే ఉమ్మడి మెమొరీలో రాస్తాయి, ఒకదాని రాత మరొకటి చదువుతుంది. దేని పని దానిదే కనుక తలా ఒక ప్రాసెసర్‌కు అప్పగించవచ్చు. అయితే ఒకటి రాస్తుండగా ఇంకొకటి వచ్చి మార్చకుండా తాళం వేయాలి. సమాంతర ప్రోగ్రాములు రాసేవారిని ఆ తాళాలు నేటికీ వేధిస్తున్నాయి.

అదే ప్రాంగణంలో తయారైన సి.ఎంఎంపీ కంప్యూటర్‌లో 16 ప్రాసెసర్లు, అన్నిటికీ సమానదూరంలో మెమొరీ. అందుకు 256 కూడళ్ల స్విచ్చి కావాలి. ప్రాసెసర్లు రెట్టింపైతే కూడళ్లు నాలుగింతలు. ఆ దారిలో ఎంతో ముందుకు పోలేం.

అందుకే తర్వాత వచ్చిన సీఎం-స్టార్‌లో ప్రతి ప్రాసెసర్ దగ్గరా కొంత మెమొరీ పెట్టి, వాటిని గుంపులుగా కట్టారు. మొత్తం 50 ప్రాసెసర్లు. సొంత మెమొరీ అందడానికి సుమారు 3 మైక్రోసెకన్లు, సొంత గుంపులో మరొకదానిది 9, వేరే గుంపుదైతే 26. ప్రోగ్రాంలో చూస్తే మాత్రం అన్నీ ఒకే వరుస చిరునామాలు! దూరం మరిచి రాస్తే జవాబు సరిగ్గానే వస్తుంది, వేగం మాత్రం పోతుంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే: ఏ లెక్క చేయాలన్నదానితో పాటు దత్తాంశం ఎక్కడ ఉండాలన్నదీ ప్రోగ్రామర్ బాధ్యత అయింది.

1990ల మొదట్లో స్టాన్‌ఫర్డ్‌వారి డాష్ యంత్రం, ప్రతి ప్రాసెసర్ పక్కనా ఉండే చిన్న మెమొరీలైన క్యాష్‌లలోని నకళ్లన్నీ ఒకే మాట చెప్పేలా చూసింది. ఉమ్మడి మెమొరీ మీద సమాంతర ప్రోగ్రాములు రాయడానికి 1997లో ఓపెన్ఎంపీ ప్రమాణం వచ్చింది. ఇప్పుడు జేబులోని ఫోన్‌లోనూ అనేక కోర్లు, అంచెలంచెల క్యాష్‌లు.

గిద్దలూరు, మార్కాపురం నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్లిన పిల్లలకు ఒక మాట. సి భాషలో చాలా పెద్ద మాత్రికను ముందు అడ్డు వరుసల వెంట, తర్వాత నిలువు వరుసల వెంట కూడి చూడండి. మొత్తం ఒకటే, పట్టే కాలం వేరు. ఆ తేడా ఎందుకో తేల్చుకున్నాకే రెండో కోర్‌కు పని పంచండి.