ఖాళీ బండి, వెనుక పట్టు: డ్రాగ్ రేసింగ్ పికప్ సస్పెన్షన్ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వెనుక చక్రాలకు మాత్రమే ఇంజను శక్తి అందే పికప్ వాహనాన్ని తక్కువ దూరపు వేగ పందెమైన డ్రాగ్ రేసింగ్‌కు సిద్ధం చేసే క్రమంలో సస్పెన్షన్ అమరిక ఎలా రూపుదిద్దుకున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మోతకు పుట్టిన కమాన్ కట్ట పందెంలో ఎందుకు విఫలమైంది, ఆ వైఫల్యాన్ని మెకానిక్కులు ఎలా సరిదిద్దారు అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు. అనంతపురం జిల్లా గార్లదిన్నె ప్రాంతపు ఎద్దుల బండి, బండలాగుడు పోటీల పరిజ్ఞానాన్ని పోలికగా తీసుకొని, ఈ సాంకేతిక చరిత్రను తెలుగులో రాయడానికి కావలసిన పదసామగ్రి శ్రామికుల వ్యవహారంలో ఉన్నదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పికప్, కమాన్ కట్ట, బరువు బదిలీ, డ్రాగ్ రేసింగ్, బండలాగుడు, గార్లదిన్నె.

1. ఉపోద్ఘాతం:

అనంతపురం నుండి గుత్తి వైపు సాగే 44వ జాతీయ రహదారిపై గార్లదిన్నె ఉంది. ఈ మండలంలోని పెనకచెర్ల వద్ద పెన్నా నదిపై మధ్య పెన్నార్ జలాశయం ఉన్నప్పటికీ, చుట్టూ ఉన్నది వానకు ఎదురుచూసే ఎర్రనేల. వేరుశనగ, చీనీ ఈ ప్రాంతపు రైతుకు తెలిసిన పంటలు. తోట నుండి మార్కెట్టుకు కాయలు చేరవేసే పని ఒకనాడు ఎద్దుల బండిది; నేడు చాలావరకు పికప్ వాహనానిది.

ఈ పికప్‌ను నడిపేవారికి ఒక అనుభవం సామాన్యం. కాయల బరువుతో తోట గట్టెక్కిన బండే, సరుకు దించి తిరిగి వచ్చేటప్పుడు ఇసుకలోనో తడిమట్టిలోనో వెనుక చక్రాలు ఉత్తినే తిరిగి కూరుకుపోతుంది. ఇంజను అదే, చక్రాలు అవే, దారీ అదే. లోపించింది వెనుక చక్రాలపై బరువు. డ్రాగ్ రేసింగ్ పికప్ చరిత్ర మొత్తం ఈ చిన్న అనుభవాన్ని అర్థం చేసుకోవడంలోనే ఉంది. గార్లదిన్నె పికప్‌కూ అమెరికా పందెపు పికప్‌కూ చారిత్రక సంబంధం ఉన్నదని ఈ వ్యాసం చెప్పదు. రెండింటికీ ఎదురైన భౌతిక సమస్య ఒకటేనని మాత్రం చూపుతుంది.

2. కాడి, నొగ, గొలుసు - పూర్వజ్ఞానం:

రెండు చక్రాల ఎద్దుల బండికి సరుకు ఎక్కించడం ఒక విద్య. ఇరుసుకు ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనుక బరువు ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది. కాడి మెడపై నిలవదు. అందువల్ల బండి తోలేవాడు బస్తాలను ముందుకూ వెనక్కూ జరిపి, ఇరుసుపై తూకం కుదిరిన తరువాతనే ఎద్దులను అదిలిస్తాడు.

రాయలసీమ తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీలలో ఇదే జ్ఞానం మరొక రూపంలో కనిపిస్తుంది. నిర్ణీత బరువు గల బండను నిర్ణీత సమయంలో ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది. బండ నుండి కాడికి పోయే గొలుసు ముందుకు పోయేకొద్దీ పైకి లేస్తుంది. ఆ వాలు వల్ల రెండు ఫలితాలు కలుగుతాయి. బండ ముందు భాగం కొంత పైకి లాగబడి నేలతో దాని ఒరిపిడి తగ్గుతుంది. అదే సమయంలో కాడి వెనక్కీ కిందికీ లాగబడి, ఎద్దుల గిట్టలపై బరువు పెరుగుతుంది. గొలుసు మరీ పొట్టిదైతే మెడపై భారం మితిమీరుతుంది. మరీ పొడవైతే ఈ లాభం సన్నగిల్లుతుంది. లాగే కాళ్లకు బరువు చేర్చడం, దానిని మితిమీరనీయకపోవడం అనే రెండు సూత్రాలూ ఇక్కడ ఉన్నాయి.

3. మోతకు పుట్టిన కమాన్ కట్ట:

ఇనుప పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి విల్లులా వంచిన కమాన్ కట్ట గుర్రపు బండ్ల కాలం నాటిది. 1804లో ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ దీర్ఘవృత్తాకారపు కమాన్లను బండికి అమర్చే పద్ధతికి పేటెంటు కోరాడు. మోటారు వాహనాల కాలంలో ఈ కట్టపై కొత్త బాధ్యతలు పడ్డాయి. ఫ్రెంచి సంస్థ హాచ్‌కిస్ పేరుతో ప్రసిద్ధమైన చోదన పద్ధతిలో కమాన్ కట్ట బరువు మోయడంతో పాటు, వెనుక ఇరుసును దాని స్థానంలో నిలుపుతుంది. చక్రాల తోపును చట్రానికి అందిస్తుంది. ఇరుసు మెలితిరగకుండా అడ్డుకుంటుంది. ఒకే భాగం నాలుగు పనులు చేయడం వల్ల నిర్మాణం చవకైంది, మరమ్మతు సులువైంది.

1925లో ఫోర్డ్ సంస్థ మోడల్ టీ ఆధారంగా కర్మాగారంలోనే తయారైన పికప్‌ను విడుదల చేసింది. ఆ తరువాతి దశాబ్దాలలో పికప్‌కు ఒక స్థిరరూపం ఏర్పడింది: ముందు ఇంజను, వెనుక ఖాళీ తొట్టి, దాని కింద గట్టి కమాన్ కట్టలు. తొట్టి నిండినప్పుడు సరిగా పనిచేసేలా రూపొందిన ఈ వాహనం ఖాళీగా ఉన్నప్పుడు ముందు బరువుగా, వెనుక తేలికగా ఉంటుంది. పందెంలో పాల్గొనే పికప్ ఎప్పుడూ ఖాళీగానే పరుగెత్తుతుంది. సమస్యకు మూలం ఇదే.

4. వీధి నుండి పందెపు బాటకు:

దక్షిణ కాలిఫోర్నియా ఎండిన సరస్సులపై వేగపరీక్షలు నడిపే బృందాలు 1937లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం యువకుల పందేలు వీధులకెక్కాయి. వాటిని నియమబద్ధం చేసే ప్రయత్నంలో భాగంగా 1950లో శాంటా అనా విమానాశ్రయపు బాటపై డ్రాగ్ పందేలు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ నాయకత్వంలో జాతీయ హాట్ రాడ్ సంఘం ఏర్పడింది. 1953లో పొమోనాలో తొలి అధికారిక పందెం నిర్వహించింది. నిశ్చలస్థితి నుండి పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, ఎంత తక్కువ కాలంలో దాటగలరన్నది ప్రమాణమైంది.

భారతదేశంలోనూ ఈ విభజన చట్టబద్ధమైనదే. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షను ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వేగ పందెం నేరం. ఈ వ్యాసంలోని సాంకేతిక చర్చ మూసివేసిన పందెపు బాటకు మాత్రమే వర్తిస్తుంది.

5. లెక్క చెప్పేదేమిటి?

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. పికప్ బరువు 1,800 కిలోలు. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు. గరిమనాభి ఎత్తు 0.65 మీటరు. ఖాళీగా నిలిచి ఉన్నప్పుడు బరువులో 40 శాతం, అంటే 720 కిలోలు వెనుక చక్రాలపై ఉన్నాయనుకుందాం. గురుత్వ త్వరణంలో సగం త్వరణంతో బండి కదలాలంటే, వెనుక చక్రాలు 900 కిలోల బరువుకు సమానమైన తోపును నేలకు అందించాలి. 720 కిలోల బరువుతో ఆ తోపు సాధించాలంటే ఘర్షణ గుణకం 1.25 ఉండాలి.

అయితే బండి ముందుకు దూకినప్పుడు ముందు చక్రాల బరువు కొంత వెనుకకు మారుతుంది. బరువు, త్వరణం, గరిమనాభి ఎత్తులను గుణించి ఇరుసుల మధ్య దూరంతో భాగిస్తే ఇక్కడ మారే బరువు 195 కిలోలు. వెనుక బరువు 915 కిలోలకు చేరుతుంది, అప్పుడు 0.98 గుణకం సరిపోతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. మెత్తని స్ప్రింగు వేసినంత మాత్రాన బదిలీ అయ్యే మొత్తం బరువు చెప్పుకోదగినంతగా పెరగదు. దానిని నిర్ణయించేవి పైన చెప్పిన కొలతలు, త్వరణం. ఆ బరువు ఎంత త్వరగా, ఎంత నిలకడగా టైరును చేరుతుందన్నది స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు, ఇరుసును పట్టి ఉంచే కడ్డీలు నిర్ణయిస్తాయి. సస్పెన్షన్ అమరిక కాలాన్ని అదుపు చేసే విద్య.

6. మెకానిక్కుల పరిష్కారాలు:

చక్రం ముందుకు తిరిగినప్పుడు ఇరుసు గొట్టం ఎదురుదిశలో తిరగజూస్తుంది. కమాన్ కట్ట దానికి లొంగి ఆంగ్ల ఎస్ అక్షరం ఆకారంలో వంగి, మళ్లీ వెనక్కి తన్నుతుంది. టైరు పట్టు కోల్పోయి ఎగిరెగిరి పడుతుంది. బండిని కిందికి దించడానికి ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మలు పెడితే, కట్టను మెలితిప్పే బలపు చేయి పొడవై ఈ దోషం మరింత పెరుగుతుంది.

దీనికి తొలి పరిష్కారం కట్ట కింద బిగించే ట్రాక్షన్ బార్. ఇరుసు మెలితిరగబోగానే ఈ కడ్డీ ముందు కొసనున్న రబ్బరు దిమ్మ కట్ట ముందు కొనను తాకి, మెలికను ఆపుతుంది. కట్ట ముందు సగంలోని పట్టీలను బిగించి, వెనుక సగాన్ని స్వేచ్ఛగా వదలడం దీనికి తోడైన ఉపాయం. ముందు సగం తోపును చట్రానికి అందిస్తుంది; వెనుక సగం కదలికకు చోటిస్తుంది. తరువాత నిచ్చెన ఆకారపు లాడర్ బార్లు, నాలుగు కడ్డీల అమరికలు ఇరుసును నిలిపే బాధ్యతను కట్ట నుండి తీసుకున్నాయి. ఈ కడ్డీల కీలు ఎత్తును మార్చి, దూకిన క్షణంలో బండి వెనుక భాగం కుంగాలో, పైకి లేచి టైరును నేలకు అదమాలో నిర్ణయించవచ్చు.

ముందువైపు దీనికి అనుగుణమైన మార్పులు వచ్చాయి. 90/10 అని పిలిచే షాక్ అబ్సార్బరు సులభంగా సాగుతుంది, నిదానంగా ముడుచుకుంటుంది. అందువల్ల బండి ముక్కు చప్పున లేచి, వెంటనే పడిపోకుండా కొంతసేపు నిలుస్తుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పు కుడి వెనుక చక్రాన్ని నేల నుండి లేపజూడటం మరొక చిక్కు. 1960లలో క్రైస్లర్ సంస్థ సూపర్ స్టాక్ పందెపు కార్లకు పొట్టిగా, గట్టిగా ఉన్న ముందు సగంతో, కుడి ఎడమలు వేరుగా ఉండే కమాన్ కట్టలను అందించింది. పికప్‌లో బ్యాటరీని తొట్టి కుడి మూలకు మార్చడమూ ఇదే ఆలోచన.

7. మితి దాటిన ఉదాహరణ:

వెనుక బరువు ఎంత పెరిగితే అంత మేలా? 1964లో డాడ్జ్ ఏ-100 చిన్న పికప్‌లో 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజనును కూర్చునే గది వెనుకకు జరిపి ఒక వాహనాన్ని తయారుచేశారు. దాని పేరు లిటిల్ రెడ్ వ్యాగన్. ముందు తేలికై, వెనుక బరువైన ఆ పికప్ యాక్సిలరేటరు తొక్కగానే ముందు చక్రాలు గాలిలోకి లేపింది. వేగం కోసం పుట్టిన బండి, బిల్ గోల్డెన్ చేతిలో వెనుక చక్రాలపై పరుగెత్తే ప్రదర్శన వాహనంగా ప్రసిద్ధి పొందింది. ముందు చక్రాలు నేలను వదిలితే వాటితో దిశ మార్చడం సాధ్యం కాదు. ముందుకు పోవలసిన బలంలో కొంత పైకెత్తడానికి ఖర్చవుతుంది. వెనుక బరువెక్కి నొగ లేచిన ఎద్దుల బండికీ దీనికీ సూత్రంలో భేదం లేదు.

8. ముగింపు:

మోటారు పందేల చరిత్రను ఇంజను శక్తి పెరిగిన కథగా చెప్పడం పరిపాటి. పికప్ సస్పెన్షన్ చరిత్ర మరొక దృష్టిని ఇస్తుంది. ఉన్న శక్తి నేలకు అందకపోవడమే ఇందులో సమస్య; మోతకు పుట్టిన భాగం చేసే పనులను ఒక్కొక్కటిగా విడదీసి, వాటికి వేర్వేరు భాగాలను అమర్చడమే పరిష్కారం. ఆ పనిలో ఎక్కువ భాగం షెడ్డులో, బాట పక్కన, విరిగిన కట్టను చేతబట్టి ఆలోచించినవారిది.

తెలుగు పరిశోధనకు ఇక్కడ ఒక కర్తవ్యం ఉంది. కాడి, నొగ, ఇరుసు, కమాన్ కట్ట, తూకం, పట్టు అనే మాటలతో ఈ వ్యాసంలోని ప్రధాన వాదాన్ని చెప్పగలిగాం. ఈ మాటలు వడ్రంగి, కమ్మరి, బండి తోలేవాడు, లారీ మెకానిక్ వాడుకలో నిలిచినవి. చెక్క బండ్లు అరుదైనకొద్దీ వాటి తూకం తెలిసిన తరమూ తరుగుతున్నది. వృత్తిపదాలను జాబితాలుగా సేకరించడంతో ఆగక, ప్రతి పదం వెనుక ఉన్న పనితీరును కూడా నమోదు చేయాలి. గొలుసు ఎంత పొడవుండాలో, బస్తా ఇరుసుకు ఎటువైపు వేయాలో, కట్టలో ఏ పట్టీ ముందు విరుగుతుందో చెప్పగలిగినవారు గార్లదిన్నె వంటి ఊళ్లలో ఇంకా ఉన్నారు. వారిని అడిగి రాసుకోవలసిన సమయం ఇదే.