శాసనసభలో ప్రశ్నించు హక్కు

ప్రభుత్వమును అదుపులో నుంచుటకు శాసనసభకు మూడు నాలుగు మార్గములు కలవు. శాసనములను అంగీకరించుట గాని త్రోసివేయుట గాని యొకటి. వ్యయమునకు ధనము మంజూరుచేయుట గాని నిరాకరించుట గాని రెండవది. మంత్రివర్గముపై అవిశ్వాసము ప్రకటించుట మూడవది. ఇవి యన్నియు అధికసంఖ్యాకుల బలముపై ఆధారపడినవి. ఒంటరియైన సభ్యుడు వీనిలో దేనిని తనంతట తాను సాధింపజాలడు. కాని యొక పని మాత్రము ఏ పక్షమునకును చెందని సభ్యుడు సైతము చేయగలడు. అతడొక ప్రశ్న వ్రాసి పంపవచ్చును. ఆ ప్రశ్నను సభాధ్యక్షుడు అనుమతించెనా, సంబంధించిన శాఖవారు దానికి సమాధానము చెప్పక తప్పదు. ఈ హక్కు మనకెట్లు వచ్చినది, అది యెంతవఱకు పనిచేయును, ఎచ్చట చతికిలబడును అను విషయములను నేటి ప్రసంగమున విన్నవించెదను.

ఈ యాచారమునకు పుట్టినిల్లు ఇంగ్లండు పార్లమెంటు. 1721వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన, అచ్చటి ప్రభువుల సభలో కౌపరు ప్రభువు లేచి, మంత్రియైన సండర్లెండు ప్రభువు నొక ప్రశ్న యడిగెను. దక్షిణసముద్ర కంపెనీ వాటాల ధరలు కుప్పగూలి, గొప్పవారు మొదలు సామాన్యుల వఱకు ఎందఱో నష్టపోయిన కాలమది. ఆ కంపెనీ కోశాధికారియైన రాబర్టు నైటు దేశము విడిచి పాఱిపోయి, పరదేశమున పట్టుబడెనను మాట నిజమా యని కౌపరు ప్రశ్నించెను. పార్లమెంటు చరిత్రలో నమోదైన మొదటి ప్రశ్న యిదియే. అనగా జనుల సొమ్మేమైనదను విచారముతోనే ప్రశ్నోత్తరముల చరిత్ర ఆరంభమైన దన్నమాట. రానురాను ప్రశ్నలు పెరిగి, అన్నింటికిని నోట బదులుచెప్పుటకు వ్యవధి చాలదయ్యెను. అందుచేత 1902లో కామన్సు సభవారు, కొన్ని ప్రశ్నలకు సభలో నోటిమాటగాను, తక్కినవానికి వ్రాతమూలముగాను సమాధానము లిచ్చు పద్ధతిని ఏర్పఱచిరి.

మన దేశమున నీ హక్కు ఇంత తేలికగా రాలేదు. 1853వ సంవత్సరపు చార్టరు చట్టము ననుసరించి కలకత్తాలో నేర్పడిన శాసన నిర్మాణసభ, తన పని శాసనములు వ్రాయుటతో సరిపెట్టుకొనక, ప్రభుత్వపు చర్యలను గూర్చి ప్రశ్నించుటకును, కాగితములు తెప్పించి చూచుటకును పూనుకొనెను. ఆ సభలో నున్నవారందఱు ప్రభుత్వోద్యోగులును, న్యాయాధిపతులును. భారతీయు డొక్కడును లేడు. అయినను, ఆ సభ చిన్న పార్లమెంటువలె ప్రవర్తించుట లండనులోని పాలకులకు రుచింపలేదు. 1861వ సంవత్సరపు చట్టముతో సభాధికారమును శాసననిర్మాణమునకు మాత్రమే కుదించిరి. ప్రశ్న యడుగుటకు త్రోవ లేకపోయెను. ముప్పది సంవత్సరములకు పైగా మన దేశపు శాసనసభలు ప్రభుత్వమును ప్రశ్నింపజాలని సభలుగా నుండిపోయినవి.

1885లో పుట్టిన కాంగ్రెసు మహాసభ తన మొదటి సమావేశముననే శాసనసభల సంస్కరణమును కోరెను. తుదకు 1892వ సంవత్సరపు చట్టము ప్రశ్నించు హక్కును ప్రసాదించినది. ప్రసాదించినదే గాని, దానికి కట్టుదిట్టములు పెక్కు విధించినది. ఆఱు దినములు ముందుగా నోటీసు నీయవలెను. అధ్యక్షుడు కారణము చెప్పకయే ప్రశ్నను తోసివేయవచ్చును. వచ్చిన సమాధానముపై చర్చ చేయరాదు. అనుబంధ ప్రశ్న యడుగరాదు. ఇన్ని సంకెళ్ళతో పుట్టిన ఆ హక్కును మన పెద్దలు ఏ పనికి మొదట వినియోగించిరో చూడుడు. 1893వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన భింగా రాజుగారు వైస్రాయి శాసనసభలో మొదటి ప్రశ్న యడిగిరి. అది రాజులను గూర్చినది కాదు, సంస్థానములను గూర్చినది కాదు. ప్రభుత్వాధికారులు పల్లెలకు మకాము వచ్చినపుడు వారి పరివారమునకు సంబారములు సమకూర్చు నేర్పాటువలన గ్రామములలోని చిల్లర అంగళ్ళవారు పడుచున్న యిక్కట్టులను గూర్చినది. మన పల్లెలలోని పెద్దలకు ఈ బాధ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉప్పుపప్పు లమ్ముకొను వాని మొఱ తాసీల్దారు కచ్చేరీ గడప దాటని దినములలో, అది వైస్రాయి యెదుటికి పోయి, ప్రభుత్వపు కాగితములలో నెక్కినది.

ఆ చట్టము రాష్ట్రములలోని సభలకును వర్తించెను. అప్పటి ఆంధ్రదేశమున సర్కారు జిల్లాలును, దత్తమండలమును చెన్నపురి రాజధానిలోనివి. రాజమహేంద్రవరమునకు చెందిన న్యాపతి సుబ్బారావు పంతులుగారివంటి పెద్దలు చెన్నపురి శాసనసభలో సభ్యులై యుండిరి. 1909వ సంవత్సరపు సంస్కరణములతో, ప్రశ్న వేసిన సభ్యుడే దానిపై అనుబంధ ప్రశ్న వేయవచ్చు నను సౌకర్యము కలిగెను. 1919 నాటి చట్టము ననుసరించి 1921లో ఏర్పడిన సభలలో, అనుబంధ ప్రశ్నను ఏ సభ్యుడైనను వేయవచ్చునని నిర్ణయించిరి. సభాకార్యక్రమమున మొదటి గంటను ప్రశ్నలకే కేటాయించిరి. ఒక్కొక్క మెట్టు ఎక్కుటకు పది పదునేను సంవత్సరములు పట్టినది.

స్వతంత్ర భారతమున లోకసభ నియమము లిట్లున్నవి. ప్రశ్నకు సామాన్యముగా పదునైదు దినములు ముందుగా నోటీసు నీయవలెను. నోటిమాటగా బదులు కోరు ప్రశ్నకు నక్షత్రము గుర్తు వేయుదురు. అట్టివి దినమునకు 20 మాత్రమే పట్టికలో చేరును. గంట ముగియులోపల వానిలో సగమైన ముగియుట యరుదు. నక్షత్రము లేని ప్రశ్నలు దినమునకు 230 వఱకు చేరును. వానికి వ్రాతమూలముగా సమాధానము సభ బల్లపై నుంచుదురు. ప్రశ్న 150 మాటలకు మించరాదు. అందు వాదము, నింద, ఎత్తిపొడుపు ఉండరాదు. అభిప్రాయ మడుగరాదు, జరిగిన సంగతి యడుగవలెను.

ఈ నిబంధనలు సభ్యుని నోరు కట్టివేయుట కని కొందఱు తలతురు. నా తలంపున నవి ప్రశ్నకు బలము నిచ్చునవి. "ఈ శాఖ యింత యన్యాయము చేయవచ్చునా?" యని గర్జించినచో, మంత్రియు అంతకన్న బిగ్గఱగా గర్జించి తప్పించుకొనును. "ఇన్ని దరఖాస్తులు వచ్చినవా? ఎన్ని పరిష్కరింపబడినవి? మిగిలినవి యేల నిలిచినవి?" యని యడిగినచో గర్జించుటకు చోటులేదు. ఆ ప్రశ్న శాఖకు చేరినతోడనే, సంబంధించిన విభాగపు అధికారి దస్త్రములు తీయించును. క్రింది కచ్చేరీలనుండి లెక్కలు తెప్పించును. ముసాయిదా వ్రాసి పైకి పంపును. అది కార్యదర్శి చూచి, మంత్రి యామోదించిన పిమ్మట సభకు వచ్చును. తెలిసి తెలిసి సభకు తప్పుమాట చెప్పుట సభాహక్కులకు భంగము. కావున మాఱుమూల కచ్చేరీలో దుమ్ముపట్టి యున్న దస్త్రమొకటి, ప్రశ్నవలననే పదిమంది పెద్దల కంట పడును. పెక్కుసార్లు సమాధానము సభకు చేరకమునుపే లోపము సవరింపబడుటయు కలదు.

ప్రశ్నయొక్క శక్తి యెంతవఱకు పోగలదో 1957లో దేశము చూచినది. జీవితబీమా వ్యాపారమును 1956లో జాతీయము చేసిరి. మఱుసటి యేడే జీవితబీమా సంస్థవారు హరిదాసు ముంద్రా అను వ్యాపారి చేతిలోనున్న కంపెనీల వాటాలను కోటి యిరువది లక్షల రూపాయలకు పైచిలుకు ధనము వెచ్చించి కొనిరి. ఈ సంగతి పత్రికలలో పొక్కినది. రాం సుభగ్ సింగు, ఫిరోజు గాంధీ మొదలగు సభ్యులు లోకసభలో దీనిని గూర్చి ప్రశ్నించిరి. మొదట వచ్చిన సమాధానములతో సంగతి తేటపడలేదు. కాని వచ్చినంతవఱకు ఆ సమాధానములే తరువాతి ప్రశ్నలకు మెట్లయ్యెను. డిసెంబరు నెలలో ఫిరోజు గాంధీ సభలో సమగ్రమైన చర్చ లేవదీసెను. ఆయన పాలకపక్షము వాడే, ప్రధానమంత్రికి అల్లుడు. అయినను వెనుదీయలేదు. ఛాగ్లా న్యాయమూర్తి బహిరంగముగా విచారణ జరిపెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి కృష్ణమాచారిగారు పదవి విడిచిరి. మంత్రులు మొదటనే పార్లమెంటును విశ్వాసములోనికి తీసికొని, సంగతులన్నియు దానియెదుట నుంచవలెనని ఛాగ్లాగారు తమ నివేదికలో హెచ్చరించిరి. ప్రశ్న మంత్రిని దింపినదని చెప్పరాదు. ప్రశ్న తలుపు తెఱచినది; లోపలికి పోయిచూచినవారు వేఱు.

సమాధానము చెప్పకయే చెప్పినట్లు కనబడు మార్గములు కచ్చేరీలకు తెలియనివి కావు. వానిలో మిక్కిలి పాతది "సమాచారము సేకరింపబడుచున్నది, సభ యెదుట ఉంచబడును" అనునది. సేకరించుట యెప్పటికి ముగియునో అడుగు వారుండరు. ఈ జబ్బునకు మందుగా 1953వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన లోకసభలో ప్రభుత్వ వాగ్దానముల సంఘమొకటి యేర్పడినది. "పరిశీలింతుము, తెలియజేయుదుము" అని మంత్రి యన్న ప్రతి మాటను ఆ సంఘము పద్దు వ్రాసికొనును. మూడు నెలలలోపల ఆ మాట చెల్లింపవలెను. లేదా గడువు కోరవలెను. అప్పు పత్రము వ్రాయించుకొన్న సాహుకారు వాయిదా మఱవడు గదా!

వ్రాతప్రశ్నకు పరీక్షయైనది 2020వ సంవత్సరము. కరోనా వ్యాధి కారణముగా, ఆ సెప్టెంబరు సమావేశములలో ప్రశ్నల గంటను నిలిపివేసిరి. వ్రాతమూలకమైన ప్రశ్నలు మాత్రము మిగిలినవి. దేశమంతట రాకపోకలు బంధింపబడిన వేసవిలో, ఊరుగాని ఊరిలో చిక్కుకొన్న కూలీలు తమ గ్రామములకు పోవుచు దారిలో నెందఱు చనిపోయిరని కార్మికశాఖను సభ్యులడిగిరి. అట్టి లెక్కలు ఉంచబడుటలేదని వ్రాతమూలముగా సమాధానము వచ్చెను. కొన్ని దినములకే రాజ్యసభలో, కూలీలకై నడపిన ప్రత్యేకమైన రైళ్ళలో ప్రయాణించుచు చనిపోయినవా రెందఱని రైల్వేశాఖ నడిగిరి. సెప్టెంబరు 9వ తేదీ వఱకు 97 మంది యని సమాధానము వచ్చెను. మొదటి సమాధానము లెక్క లేదనుట. అదియు సభ కాగితములలో శాశ్వతముగ నిలిచినది. రెండవది లెక్క. ప్రశ్నను సరియైన శాఖకు, సరియైన మాటలలో వేయుట యెంత ముఖ్యమో యీ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన తెలియును. రైలుదారి కాక కాలిబాటను పోయినవారి లెక్క మాత్రము ఆ 97లో లేదు.

ఇంత విలువగల వస్తువును అమ్ముకొన జూచినవారును లేకపోలేదు. 1951లో బొంబాయి వెండిబంగారముల వర్తకసంఘమునుండి ధనము గ్రహించి వారి తరపున పార్లమెంటులో ప్రశ్నలు వేసెనని ముద్గలు అను సభ్యునిపై విచారణ జరిగెను. బహిష్కరణ తీర్మానము ముగియకమునుపే అతడు రాజీనామా యిచ్చెను. 2005లో ప్రశ్నలకై సొమ్ము పుచ్చుకొనిరను కారణమున డిసెంబరు 23వ తేదీన పదునొకండుగురు సభ్యులను ఉభయసభలును బహిష్కరించెను. సభ్యుని ప్రశ్న అతని సొంత ఆస్తి కాదు. అతనిని పంపిన ప్రజలు అతనియొద్ద నుంచిన సొత్తు. అందుచేతనే శిక్ష అంత కఠినమయ్యెను.

1975లో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడిన వెంటనే జరిగిన సమావేశమున లోకసభ ప్రశ్నల గంటను రద్దుచేసికొనెను. 1861లో లండనులోని పాలకులకు రుచింపనిది స్వతంత్ర భారతమునను పాలకులకు రుచింపని దినములుండె నన్నమాట. హక్కు ఒకసారి వచ్చిన చాలదు. దానిని దినదినము వాడుచుండవలెను.

2005లో సమాచారహక్కు చట్టమును చేసినపుడు అందొక గొప్ప మాట చేర్చిరి. పార్లమెంటునకు గాని, రాష్ట్ర శాసనసభకు గాని నిరాకరింపరాని సమాచారమును ఏ వ్యక్తికిని నిరాకరింపరాదనునది దాని భావము. 1893లో పల్లెటూరి అంగడివాని పక్షమున ప్రశ్న యడుగుటకు ఒక రాజుగారు కావలసివచ్చినది. ఆ అంగడివాని మనుమని మనుమడు తన ప్రశ్న తానే వ్రాసికొనగల కాలము వచ్చినది. అయినను శాసనసభ్యుని బాధ్యత తగ్గలేదు. పౌరుని ప్రశ్నకు గుమాస్తా బదులిచ్చును; సభ్యుని ప్రశ్నకు మంత్రి బదులీయవలెను. కావున ఓటడుగ వచ్చినవారిని మనము వాగ్దానము లడుగుటతోపాటు, గడచిన సభలో మీరేమి ప్రశ్నలు వేసితిరి, వానికేమి సమాధానములు వచ్చినవని కూడ అడుగుట మంచిది. ఆ సమాధానములు అచ్చుపడియే యున్నవి.