బందరున పుట్టిన బ్యాంకి

ధవళేశ్వరమున 1852లోను, బెజవాడ యొద్ద 1855లోను ఆనకట్టలు పూర్తియై, గోదావరీ కృష్ణా జలములు కాలువల వెంట పొలములకు పాఱిన పిదప డెల్టా సీమలు సస్యసమృద్ధములయ్యెనే కాని, విత్తనములకును, ఎడ్లకును, కూలికిని వలయు రొక్కమునకై రైతు షావుకారు వాకిట నిలువవలసిన దుఃస్థితి తొలగలేదు. నాగునకు, అనగా ధాన్యపు అప్పునకు, తెచ్చిన ధాన్యమును కళ్లమునందే వడ్డీతో కొలిచి యిచ్చినచో సన్నకారు రైతునకు మిగులునది స్వల్పము.

ఈ ఋణబాధకు ప్రతిక్రియ నన్వేషింప మదరాసు ప్రభుత్వముచే నియుక్తుడైన ఫ్రెడరిక్ నికల్సన్, ఐరోపా ఖండమందలి గ్రామ పరపతి సంఘముల రీతులను పరిశీలించి, 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదికను వెలువరించెను. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమునకు అది మార్గదర్శకమయ్యెను. ఒకరి ఋణమునకు ఊరిలోని సభ్యులందఱు పూచీపడుట ఆ గ్రామ సంఘములకు ప్రాణము; భూమియే కాక నడవడియు తాకట్టుగా పరిగణింపబడెను.

అయినను వర్తకమునకును, పరిశ్రమలకును వలయు మూలధనము సహకార సంఘముల శక్తికి మించినది. ఆ లోపమును గుర్తించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, వృత్తిచే వైద్యులయ్యు, లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో 1923 నవంబరు 28న బందరున ఆంధ్రా బ్యాంకి కార్యకలాపముల నారంభించిరి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. ఆ బ్యాంకి 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకిలో విలీనమయ్యెను. పేరు మాసినను, తమ పొదుపును తామే మూలధనముగా మలచుకొనవచ్చునని తెలుగువారికి నిరూపించిన ఘనత దానిదే.