వారింగ్టన్ నత్తలు, నా గోల్డ్‌ఫిష్‌లు

జాబ్ చేసే రోజుల్లో రెండు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చుకున్నా. ఆఫీసు నుంచి రాగానే అద్దం దగ్గరికి ఈదుకుంటూ వచ్చేవి. మేత కోసమే అనుకోండి, అయినా హ్యాపీగా ఉండేది. ఒక ఆదివారం నీళ్లన్నీ మార్చి, ఫిల్టర్ స్పాంజ్‌ని కుళాయి కింద శుభ్రంగా కడిగేశా. మూడో రోజుకి రెండూ చచ్చిపోయి పైకి తేలాయి.

1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్ట్ కూడా రెండు గోల్డ్‌ఫిష్‌లతోనే మొదలుపెట్టాడు. మాటిమాటికీ నీళ్లు మార్చకుండా చేపల్ని బతికించాలని ఆయన పట్టుదల. గాజు తొట్టెలో ఇసుక వేసి, వాలిస్నేరియా మొక్క నాటాడు. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. లాజిక్ కరెక్టే, కానీ బగ్ వచ్చింది: ఆకులు కుళ్లి నీళ్లు పాడయ్యాయి. అప్పుడు చెరువు నత్తల్ని వదిలాడు. అవి ఆ కుళ్లు తినేశాయి, వాటి గుడ్లేమో చేపలకి మేత! 1850లో కెమికల్ సొసైటీ పత్రికలో ఇదంతా రాశాడు. 1853లో లండన్ జూలో జనం కోసం అక్వేరియం తెరిచారు, తర్వాత ఇళ్లల్లోకీ ఆ పిచ్చి పాకింది.

అయితే వారింగ్టన్‌కి కనిపించని పనివాళ్లు ఇంకొందరున్నారు. చేపలు వదిలే అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా. వాటి కాపురం ఎక్కువగా ఫిల్టర్ స్పాంజ్‌లోనే. మురికి అనుకుని నేను కడిగేసింది వాటినే. పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్ ఒకటి!

ఇప్పుడు కొత్త ట్యాంక్ పెట్టా. స్పాంజ్‌ని ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే పిండుతున్నా. అద్దం మీద పాచి చూసి అమ్మ రోజూ, "అది కడగవేంట్రా?" అంటోంది.