మెత్తదనం, భద్రత: కారులో పసిపిల్లల ఆసనాల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కారులో పసిపిల్లల కోసం అమర్చే ప్రత్యేక ఆసనం మొదట భద్రత కోసం పుట్టలేదు. బిడ్డను ఒకచోట కూర్చోబెట్టడానికి, కిటికీలోంచి బయటికి చూడనివ్వడానికి పుట్టింది. అది ప్రాణరక్షణ సాధనంగా మారిన క్రమంలో ఆసనంలోని మెత్త స్థానం, స్వభావం రెండూ మారాయి. ఆ మార్పును 1930ల నుండి 1985 వరకు ప్రధానంగా అమెరికా, స్వీడన్ దేశాల చరిత్ర ఆధారంగా పరిశీలించి, భారతదేశంలోని చట్టాలతో అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పసిపిల్లల ఆసనం, మెత్త, పట్టీ, ఒడి, రహదారి భద్రత, చట్టం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో పసిబిడ్డ చుట్టూ అల్లుకున్న మాటలన్నీ మెత్తనివే. ఒడి, పొత్తిళ్లు, ఊయల, బొంత, ఆవాల దిండు - వీటిలో ఏ మాట విన్నా చేతికి తగిలే స్పర్శ ముందుగా గుర్తుకు వస్తుంది. బిడ్డ సుఖంగా ఉందంటే క్షేమంగా ఉన్నట్లే అనే భావన ఈ పదజాలం వెనుక ఉంది. కదలని ఇంట్లో ఆ భావన చాలావరకు సరైనదే. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనంలో సుఖం, క్షేమం వేర్వేరు విషయాలవుతాయి.

దుకాణంలో పిల్లల కారు ఆసనాన్ని చూసే తల్లిదండ్రులు మొదట చేసే పని దానిని బొటనవేలితో నొక్కి చూడడం. ఆ పరీక్ష కొంత నిజమే చెబుతుంది, కానీ అంతా చెప్పదు. ఆసనంలో మెత్తదనానికి నిజంగా ఎంత ప్రాధాన్యం ఉంది? దానిని ఎవరు, ఎప్పుడు, ఎలా నిర్ణయించారు? ఈ ప్రశ్నలకు ఆ వస్తువు చరిత్రలోనే సమాధానం వెతకవలసి ఉంటుంది.

2. ఎత్తుపీట దశ (1930-1960):

అమెరికాలో 1930లలో బన్నీ బేర్ సంస్థ తయారుచేసిన పిల్లల ఆసనాలు ఒక రకమైన ఎత్తుపీటలు. వెనుక సీటులో కూర్చున్న బిడ్డను కొంత పైకి లేపి, పెద్దల కంటికి కనిపించేలా చేయడం వాటి ప్రయోజనం. 1940లలో వచ్చిన ఆసనాలు ఇనుప గొట్టాల చట్రానికి కాన్వాసు గుడ్డ బిగించి, ముందు సీటు వీపుకు కొక్కేలతో తగిలించేవి. కొన్నింటికి బిడ్డ ఆడుకోవడానికి బొమ్మ స్టీరింగు కూడా ఉండేది.

ఈ ఆసనాలు కారు శరీరానికి గట్టిగా బిగించినవి కావు. వాహనం హఠాత్తుగా ఆగితే ఆసనంతో సహా బిడ్డ ముందుకు ఎగిరిపోయే అవకాశం ఉండేది. ఈ దశలో గుడ్డ, మెత్త, బొమ్మ అన్నీ సుఖానికి, కాలక్షేపానికి సంబంధించినవే. రక్షణ అనే ఆలోచన ఇంకా రూపకల్పనలో ప్రవేశించలేదు.

3. పట్టీ, దిశ (1960లు):

1962 ప్రాంతంలో రెండు దేశాల్లో దాదాపు ఒకేసారి మార్పు మొదలైంది. బ్రిటన్‌లో జీన్ ఏమ్స్ వై ఆకారపు పట్టీతో బిడ్డను ఆసనానికి కట్టే పద్ధతిని, అమెరికాలోని కొలరాడోలో లెన్నార్డ్ రివ్‌కిన్ లోహపు చట్రంతో కూడిన ఆసనాన్ని రూపొందించారు. బిడ్డను కూర్చోబెట్టడం కాదు, పట్టి ఉంచడం ముఖ్యం అన్న ఆలోచన ఇక్కడ మొదలైంది.

స్వీడన్ వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ మరో అడుగు ముందుకు వేశాడు. అమెరికా జెమిని వ్యోమగాములు వెనక్కి వాలి, వీపు మొత్తంతో ఒత్తిడిని భరించే తీరును గమనించి, బిడ్డ ముఖం కారు వెనుక వైపుకు ఉండే ఆసన నమూనాను ఆయన 1960ల తొలి భాగంలో తయారుచేశాడు. దీనికి శరీరశాస్త్ర కారణం ఉంది. నవజాత శిశువు పొడవులో తల దాదాపు నాలుగో వంతు ఉంటుంది. మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. ముందువైపు తిరిగి కూర్చున్న శిశువు మొండెం పట్టీ వద్ద ఆగినా తల ఆగదు. వెనుకవైపు తిరిగి ఉంటే తల, మెడ, వీపు కలిసి ఆసనపు వీపులోకి ఒదుగుతాయి. స్వీడన్‌కు చెందిన వోల్వో సంస్థ 1972లో ఇటువంటి ఆసనాన్ని మార్కెట్టులోకి తెచ్చింది.

ఆల్డ్‌మన్ ఆలోచనలో ప్రధానమైనది మెత్త కాదు, దిశ. దెబ్బ తగిలే వైశాల్యాన్ని పెంచడం ద్వారా అది మెత్త చేయలేని పనిని చేసింది.

4. మెత్త స్థానం మారిన తీరు:

4.1 వీపు కింద నుండి ముఖం ముందుకు:

1960ల చివరిలో అమెరికా కార్ల సంస్థలు ఈ రంగంలోకి వచ్చాయి. ఫోర్డ్ సంస్థ రూపొందించిన టాట్-గార్డ్‌లో బిడ్డ చిన్న ప్లాస్టిక్ పీటపై కూర్చునేది. ఎదురుగా వంపు తిరిగిన కవచం ఉండేది. కారు నడుము పట్టీని ఆ కవచం చుట్టూ బిగించేవారు. బిడ్డకు విడిగా పట్టీలు లేవు. ప్రమాదంలో ముందుకు వంగిన తల, ఛాతీ కవచానికి ఉన్న మెత్తలోకి వెళ్లేవి. జనరల్ మోటార్స్ సంస్థ ఇదే కాలంలో లవ్ సీట్ పేరుతో ఆసనాలు తెచ్చింది. వాటిలో శిశువుల రకం వెనుకవైపు తిరిగి ఉండేది.

టాట్-గార్డ్‌లో మెత్త కూర్చునే చోటు నుండి దెబ్బ తగిలే చోటుకు మారింది. ఈ వస్తువు చరిత్రలో దీనిని ఒక మలుపుగా భావించవచ్చు.

4.2 చట్టం దృష్టిలో మెత్త:

అమెరికాలో పిల్లల ఆసనాలకు సంబంధించిన తొలి సమాఖ్య ప్రమాణం (213వ సంఖ్య) 1971లో అమలులోకి వచ్చింది. అయితే అందులో ఢీకొనే పరీక్ష లేదు. ప్రమాణానికి లోబడిన ఆసనం నిజమైన ప్రమాదంలో నిలుస్తుందన్న హామీ లేకపోయింది. 1979లో ప్రకటించి 1981 జనవరి నుండి అమలుచేసిన సవరణ ఈ లోటును పూరించింది. గంటకు 30 మైళ్ల (సుమారు 48 కిలోమీటర్ల) వేగంతో ఢీకొన్నప్పటి స్థితిని పునఃసృష్టించి, పరీక్షాబొమ్మ తల, ఛాతీలపై పడే తాకిడిని కొలవడం తప్పనిసరి అయింది.

ఆ సవరించిన ప్రమాణంలో మెత్తకు కూడా నిర్వచనం ఉంది. 20 పౌండ్ల లోపు బరువున్న శిశువుల ఆసనాల్లో తల తగిలే ఉపరితలాలపై శక్తిని గ్రహించి, నెమ్మదిగా తిరిగి లేచే పదార్థం ఉండాలి. పదార్థం గట్టిదైతే కనీసం అర అంగుళం, మరింత మెత్తనిదైతే కనీసం ముప్పావు అంగుళం మందం ఉండాలి. ఇక్కడ గమనించవలసిన అంశం ‘నెమ్మదిగా తిరిగి లేచే’ అనే లక్షణం. స్ప్రింగులా వెంటనే లేచే మెత్త తలను మళ్లీ వెనక్కి నెడుతుంది. నెమ్మదిగా లేచేది దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. బొటనవేలు ఈ తేడాను కనిపెట్టలేదు.

నేటి ఆసనాల లోపలి పెంకులో థర్మాకోల్ వంటి నురుగు పదార్థం ఉంటుంది. హెల్మెట్ లోపల ఉండేదీ ఇదే జాతి పదార్థం. చేతితో నొక్కితే గట్టిగా అనిపిస్తుంది, పెద్ద దెబ్బకు మాత్రమే నలుగుతుంది. అందువల్ల మెత్తదనాన్ని రెండుగా విభజించుకోవాలి. స్పర్శకు తెలిసేది సుఖపు మెత్తదనం, దెబ్బకు మాత్రమే తెలిసేది రక్షణ మెత్తదనం. మన భాషలో రెంటికీ ఒకే మాట ఉండటం వల్ల ఒకటి ఉంటే రెండోదీ ఉన్నట్లే అనే భ్రమ కలుగుతుంది.

5. ఒడి గురించిన వివాదం:

పిల్లలను తప్పనిసరిగా ఆసనంలో కూర్చోబెట్టాలనే తొలి చట్టం అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో వచ్చింది. శిశువైద్యుడు రాబర్ట్ శాండర్స్ కృషి ఫలితంగా 1977లో ఆమోదం పొంది, 1978 జనవరి 1 నుండి అమలైన ఈ చట్టం నాలుగేళ్లలోపు పిల్లలకు వర్తించింది. అయితే శాసనసభలో ఒక మినహాయింపు చేరింది. పెద్దలు బిడ్డను ఒడిలో పెట్టుకుంటే ఆసనం అవసరం లేదు. చట్టాన్ని సమర్థించినవారు ఈ మినహాయింపును బిడ్డను నలిపివేసే సవరణగా విమర్శించారు.

ఆ విమర్శ వెనుక ఉన్న లెక్క సులభమైనదే. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఢీకొని అర మీటరు దూరంలో ఆగిందనుకుందాం. అందులోని ప్రతి శరీరం సగటున తన బరువుకు సుమారు 18 రెట్ల బలాన్ని అనుభవిస్తుంది. 10 కిలోల బిడ్డను ఆ క్షణంలో పట్టుకోవాలంటే 180 కిలోల బరువును మోసే బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. పైగా తల్లికి పట్టీ లేకపోతే ఆమె బరువంతా బిడ్డ మీద పడుతుంది. మెత్తదనాల్లోకెల్లా మెత్తనిదైన ఒడి, కారులో అత్యంత ప్రమాదకరమైన చోటు అవుతుంది. 1981లో టెన్నెసీ ఈ మినహాయింపును తొలగించింది. 1985 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఇటువంటి చట్టాలు వచ్చాయి.

6. సుఖానికి ఉన్న స్థానం:

పై చర్చ వల్ల సుఖానికి విలువే లేదని భావించరాదు. ఒరుసుకునే పట్టీ, చెమట పట్టించే గుడ్డ, వాలని వీపు ఉన్న ఆసనంలో బిడ్డ ఏడుస్తుంది. ఏడ్చే బిడ్డను పెద్దలు పట్టీ విప్పి ఒడిలోకి తీసుకుంటారు, లేదా పట్టీని వదులు చేస్తారు. సుఖం నేరుగా ప్రాణం కాపాడదు. ప్రాణం కాపాడే ఆసనంలో బిడ్డను ప్రతి ప్రయాణంలోనూ కూర్చునేలా చేస్తుంది. దాని విలువ అక్కడ ఉంది.

అయితే సుఖం కోసం చేర్చే మెత్త ఎక్కడ ఉందన్నది కీలకం. బిడ్డకు, పట్టీకి మధ్య మందపాటి దుప్పటి గాని, చలికోటు గాని, విడిగా కొన్న దిండు గాని ఉంటే ప్రమాదంలో అది ఒక్కసారిగా అణగిపోతుంది. అణిగినంత మేర పట్టీ వదులవుతుంది. బిగుతైన పట్టీ బిడ్డను కారుతో పాటు క్రమంగా ఆపుతుంది. వదులైన పట్టీ కొంత దూరం వదిలి, తరువాత ఒక్క కుదుపుతో ఆపుతుంది. అందుకే ఆసనంతో పాటు రాని అదనపు మెత్తలను వాడవద్దని అమెరికా శిశువైద్యుల అకాడమీ సూచిస్తుంది. పట్టీ బిగించిన తరువాత దుప్పటిని పైన కప్పడం సరైన పద్ధతి. పిల్లల పురుళ్లకు అమెరికా వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు ఈ తేడాను తెలుసుకోవడం అవసరం. పొత్తిళ్లలో చుట్టిన బిడ్డ కాళ్ల మధ్య పట్టీ బిగించడం సాధ్యం కాదు.

7. భారతీయ సందర్భం:

2019 మోటారు వాహనాల సవరణ చట్టం చేర్చిన 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గాని, పిల్లల రక్షణాసనం గాని లేకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా విధించవచ్చు. పిల్లల ఆసనాల నాణ్యతకు ఏఐఎస్-072 అనే భారతీయ ప్రమాణం ఉంది. 2022 ఫిబ్రవరిలో వెలువడిన మరో నియమం, ద్విచక్ర వాహనంపై నాలుగేళ్లలోపు పిల్లలను నడిపేవారికి జోడించే పట్టీని నిర్వచిస్తూ అధిక సాంద్రత గల నురుగును ప్రస్తావించింది. నురుగు ఉండాలని మాత్రమే కాక సాంద్రతను కూడా పేర్కొనడం, మెత్తను రక్షణ పదార్థంగా గుర్తించడమే.

చట్టం ఉన్నా, మన ప్రాంతంలో కారు ముందు సీటులో తల్లి ఒడిలో కూర్చున్న బిడ్డ నేటికీ సాధారణ దృశ్యం. టెన్నెసీ మూడేళ్లలో వదిలిన మినహాయింపు మన దగ్గర చట్టంలో లేదు, అలవాటులో ఉంది.

8. ముగింపు:

• పిల్లల ఆసనం సుఖసాధనంగా పుట్టి, 1960ల తరువాత రక్షణ సాధనంగా మారింది.
• ఈ మార్పులో మొదటి స్థానం పట్టీకి, దిశకు దక్కింది. మెత్త తరువాతిది.
• మెత్త రక్షణకు పనికివచ్చేది తల తగిలే చోట ఉన్నప్పుడు, శక్తిని గ్రహించే గుణం ఉన్నప్పుడు మాత్రమే. పట్టీకీ బిడ్డకూ మధ్య ఉన్న మెత్త హాని చేస్తుంది.
• సుఖం విలువ ఆసనాన్ని నిత్యం వాడించడంలో ఉంది.
• రహదారి భద్రతపై తెలుగులో రాసేవారు సుఖపు మెత్తదనాన్ని, రక్షణ మెత్తదనాన్ని వేర్వేరు మాటలతో చెప్పాలి. ఈ తేడా తెలియని తల్లి, ప్రేమతోనే బిడ్డను పట్టీ విప్పి ఒడిలోకి తీసుకుంటుంది.